పచ్చరాయికి నేను వేసిన రంగు

పెళ్ళికి ఒక్కరోజు ముందు పెళ్ళికూతురి ముఖం ఆకుపచ్చగా మారితే ఎలా ఉంటుందో మీలో ఎవరైనా చూశారా? నేను చూశాను. చూడటమే కాదు, ఆ ఘనకార్యం చేసింది కూడా నేనే. మా బంధువుల్లో ఈ కథ వేరే విధంగా చెలామణిలో ఉంది. బెంగళూరులో ఎవడో దుకాణంవాడు మా అక్కకు రంగు వేసిన రాయి అంటగట్టాడనీ, ఆ రంగు కరిగి పిల్ల ముఖానికి అంటుకుందనీ, ఏ పెళ్ళి భోజనాల్లో కూర్చున్నా ఎవరో ఒకరు మొదలుపెడతారు. నేను పప్పన్నం కలుపుకుంటూ తల ఊపుతాను. ఇరవై ఏళ్ళుగా ఊపుతూనే ఉన్నాను. ఇక మెడ నొప్పి పుట్టింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ధర్మవరంలో పట్టు అద్దకం షెడ్డులో పని చేసేవాణ్ణి. మా పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నా గొప్పతనం మీకు పూర్తిగా అందదు. పట్టుదారం మా దగ్గరికి వచ్చేటప్పుడు జిగురుతో బిరుసుగా, ఎండుగడ్డిలా ఉంటుంది. సబ్బు, సోడా కలిపిన నీళ్ళలో ఉడికిస్తే ఆ జిగురంతా పోయి మెరుస్తుంది. తర్వాత రంగు నీళ్ళలో ముంచాలి. ఆ నీళ్ళలో కాస్త ఆసిడ్ పోసి, కింద మంట పెడితేనే రంగు దారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పులుపూ వేడీ రెండూ తగలాలన్నమాట. ఆ వయసులో నాకు లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలు: ఉడకబెట్టాల్సినవి, రంగు వేయాల్సినవి.

మా సుజాతక్క హిందూపురంలో కాపురం. బెంగళూరులో కోర్సు నేర్చుకుని వచ్చి, అత్తగారింటి ముందు గదిలో బ్యూటీ పార్లర్ పెట్టింది. కనుబొమలు తీయించుకోవడానికి తప్ప ఆడవాళ్ళు దేనికీ వచ్చేవారు కాదు. అక్క అత్తగారు ఓపిక పట్టి పట్టి, ఉగాది దాకా చూస్తాననీ, ఆ తర్వాత గదిని జిరాక్సు మిషనువాళ్ళకు బాడుగకు ఇస్తాననీ తేల్చి చెప్పేసింది. సరిగ్గా అప్పుడు పెనుకొండ నుంచి మొదటి పెళ్ళికూతురి పని వచ్చింది. ఇది బాగా కుదిరితే పెనుకొండలో ఇంకో నాలుగిళ్ళ పని దొరుకుతుంది. కుదరకపోతే జిరాక్సు మిషను దిగుతుంది. అక్క అప్పట్లో కలలో కూడా జిరాక్సు మిషను చప్పుడే వినేది.

ఆ పార్లర్‌లో అక్క ప్రాణం పెట్టుకున్న వస్తువులు రెండు. ఒకటి పచ్చరాయి రోలరు, చపాతీ కర్రకు పుట్టిన పసిబిడ్డలా ఉండేది. రెండోది అరచేతిలో ఇమిడే నున్నటి పలక రాయి. నూనె రాసి వీటితో ముఖం మీద మెల్లగా మర్దన చేస్తే నిగారింపు వస్తుందని అక్క చెప్పేది. ఒకరికి వాడాక కడగకుండా ఇంకొకరి మీద పెట్టేది కాదు. ఆ రాళ్ళను తుడిచేటప్పుడు చూడాలి, మా మేనల్లుడికి స్నానం చేయించేటప్పుడు కూడా అంత శ్రద్ధ ఉండేది కాదు.

పెళ్ళికూతురి మేనత్త ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయిన మనిషి. పార్లర్ చూసి పోవడానికి ఆమె ఒక ఆదివారం హిందూపురం వచ్చింది. సెలవు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. నర్సమ్మ ఆ రాళ్ళను లైటు లేని సైకిలును చూసే కానిస్టేబుల్లా చూసింది.

"ఈ రాయి ఊర్లో ఎంతమంది మొగాల మీద తిరిగిండాదమ్మా?" అని అడిగింది.

అక్క తన పద్ధతంతా వివరించింది. ఆమె ఒప్పుకుంది గానీ, మా పిల్ల దగ్గరికి తెచ్చే ముందు ఇంకొక్కసారి శుభ్రం చేసుకోని రమ్మని చెప్పి పోయింది. అంతే, నాలోని నిపుణుడు లేచి కూర్చున్నాడు.

"క్కా, అవి ఇట్లా ఇయ్యి. మా షెడ్డుకు తీసకపోయి కడుక్కోనొస్తా."

"రెండు రాళ్ళు కడిగేదానికి షెడ్డు ఎందుకురా? గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల మెత్తని సబ్బు, మెత్తటి గుడ్డ. బాగా ఆరినాక దూదితో స్పిరిట్ తుడిస్తే అయిపాయ."

"అట్లా తుడిస్తే పైపైనే పోతాది క్కా. క్రిములు లోపల ఉంటాయి."

"రాయి లోపలనా?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం అప్పటికే నేర్చుకున్నాను. పట్టు లోపలి జిగురును లాగేసేవాళ్ళకు రాయి లోపలి క్రిమి ఒక లెక్కా అన్నాను. అక్కకు ఆ వారం చేతినిండా పని. విసిగిపోయి రాళ్ళను గుడ్డలో చుట్టి ఇస్తూ ఒకటే చెప్పింది: "ఉడకబెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు, ఆసిడ్ తగలనీయొద్దు. పెళ్ళి ముందురోజు పొద్దున పెనుకొండకు తెచ్చియ్యి."

పాఠకులారా, ఆ మూడు పనులూ నేను అదే వరుసలో చేశాను.

ధర్మవరం చేరిన మరునాడు, మా నాగన్న మేస్త్రీ టీకి పోయిన సమయం చూసి, పట్టు ఉడికే సబ్బు సోడా నీళ్ళలోకి రాళ్ళను దించాను. నీళ్ళు కుతకుతలాడుతుంటే నా మనసు కూడా ఆనందంతో కుతకుతలాడింది. కాసేపయ్యాక కర్రతో తీసి చూస్తే రోలరు పిడి ఒకచోట, రాయి ఒకచోట. లోపల అతికించిన జిగురు పట్టు జిగురుతో పాటే వెళ్ళిపోయింది. అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం ఏమిటంటే, రాళ్ళు రెండూ తెల్లగా ఉన్నాయి.

అప్పుడే మేస్త్రీ వచ్చాడు.

"ఏమబ్బా, గుడ్లు ఉడకబెడతాండావా?"

"కాదు మేస్త్రీ. పచ్చరాళ్ళు."

"పచ్చ యాడ?"

పచ్చ నీళ్ళలో ఉంది. దుకాణంవాడు మోసం చేసిన మాట నిజమే. అది రంగు ఎక్కించిన తెల్లరాయి. కానీ అక్క చెప్పినట్టు కడిగి ఉంటే ఆ రాయి తన రహస్యాన్ని మా మనవళ్ళ కాలం దాకా కడుపులో దాచుకునేది. నేను దాన్ని ఉడకబెట్టి నిజం కక్కించాను.

మొదట రాళ్ళను ఎండలో పెట్టాను. ఎండ తగిలితే ఆకులు పచ్చబడతాయి కదా అన్నది నా ఆలోచన. అవి పచ్చబడలేదు, ఇంకా తెల్లబడ్డాయి. అప్పుడు కళ్ళు ఎదురుగా ఉన్న గంగాళం మీద పడ్డాయి. చీర అంచుకు వేసే ఆకుపచ్చ ఆ రోజే కాగుతోంది. పోయినది రంగు, నేను అద్దకంవాణ్ణి, ఇక దిగులెందుకు? ఆసిడ్ ఒక గరిటె ఎక్కువే పోసి రాళ్ళను ముంచాను. పైకి తీసేసరికి అసలుకంటే ఘనంగా ఉన్నాయి. ఆరబెట్టి, పొడిగుడ్డతో రుద్ది చూశాను. గుడ్డకు ఏమీ అంటలేదు. నూనెతో రుద్ది చూడాలని నాకు తట్టలేదు. పిడిని మళ్ళీ అతికించి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

చెప్పిన రోజు పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగాను. పెళ్ళివారింట్లో అక్క ముందే వచ్చి ఉంది. గుడ్డ విప్పి రాళ్ళను చూసి, "ఏంరా, ఇంత పచ్చగా ఉండాయి?" అంది.

"మురికంతా పోయింది క్కా," అన్నాను.

అక్క నన్ను మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ చెవిలో మేకులా ఉంది.

నన్ను వసారాలో కూర్చోబెట్టి ఉప్మా పెట్టారు. గది గుమ్మానికి తెర. లోపల అక్క, పెళ్ళికూతురు గీత, నర్సమ్మ. రోలరు కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. గీత ఏదో అంటే అక్క నవ్వుతోంది. అక్క అలా నవ్వి ఎన్నాళ్ళయిందో అనుకుంటూ రెండోసారి ఉప్మా పెట్టించుకున్నాను. ముద్ద నోట్లో ఉండగా లోపల నవ్వు ఆగిపోయింది. కిర్రుమనడం కూడా ఆగిపోయింది.

"సుజాతా," అంది నర్సమ్మ గొంతు, "ఇది నీ నూనె రంగా?"

గుడ్డతో తుడుస్తున్న చప్పుడు వినిపించింది. తుడిచేకొద్దీ ఆ చప్పుడులో వేగం పెరిగింది. కాసేపటికి వంటింట్లో నుంచి ఒకామె కోసిన నిమ్మకాయలూ, ఆవిరి కక్కే గిన్నే పట్టుకుని నా ముందు నుంచే లోపలికి వెళ్ళింది. నిమ్మరసం రుద్ది ఆవిరి పడితే ఎంతటి మరకైనా వదులుతుందని నర్సమ్మ చెబుతోంది.

పులుపూ వేడీ! ఉప్మా ప్లేటు కింద పెట్టేశాను. మా షెడ్డులో అందరి చేతులూ మణికట్టు దాకా రంగులే. పట్టును పట్టే రంగు మనిషి తోలును కూడా వదలదని నాకు తెలుసు. లోపల వాళ్ళు చేయబోతున్నది మరక తీయడం కాదు, పక్కా అద్దకం. నోరు మూసుకుంటే నా గుట్టు బయటపడదు, కానీ ఆ పిల్ల పీటల మీద పచ్చటి ముఖంతో కూర్చుంటుంది. నోరు తెరిస్తే అక్క పార్లర్‌లో జిరాక్సు మిషను దిగుతుంది. ఆ చిన్న క్షణంలో నేను పడినంత యాతన పరీక్ష హాలులో కూడా పడలేదు.

"క్కా, నిమ్మకాయ రుద్దొద్దు," అన్నాను తెర ఇవతల నుంచి.

"ఎందుకప్పా?" అంది నర్సమ్మ.

"రుద్దితే రంగు పట్టుకుంటాది."

తెర పక్కకు జరిగింది. అక్క చేతిలో రోలరు ఉంది.

"ఏం రంగురా?"

నేను నేలను చూశాను. "అంచుకేసే ఆకుపచ్చ క్కా."

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమె వెనక గీత అద్దం పట్టుకుని ఉంది. రెండు బుగ్గలూ, నుదురూ లేత అరిటాకు. ముక్కు మాత్రం రోలరు తిరగక తన రంగులోనే ఉంది, పొలం మధ్య పుట్టలాగా.

"ఇది రేపటికి పోతాదా అన్నా?" అని అడిగింది ఆ పిల్ల, నన్నే.

వృత్తిధర్మం ఎంత చెడ్డదో చూడండి. "పట్టు మీదయితే పోదమ్మా. మాది గ్యారంటీ రంగు," అన్నాను.

అప్పుడు ఏడ్చింది గీత. అక్క కూడా ఏడ్చింది. ఏడవనిది నర్సమ్మ ఒక్కతే. తలుపు గడియ పెట్టించి కొబ్బరినూనె, శనగపిండి తెప్పించింది. నూనె పెట్టడం, పిండితో మెల్లగా తీయడం, కాసేపు ఆగడం, మళ్ళీ నూనె. సాయంత్రం ముత్తైదువలు పసుపు పట్టుకుని వస్తే పిల్లకు తోలు కందిందని చెప్పి వాకిట్లోనే ఆపేసింది. పచ్చ మీద పసుపు పడితే చిలకపచ్చ తేలుతుందని నేను ముందే చెప్పి ఉన్నాను. ఆ రోజు నేను చేసిన మంచిపని అదొక్కటే.

పిల్ల నాయనకు తోలు కందిందనే చెబుదామనీ, మా వైపువాళ్ళు అడిగితే రాయి అమ్మినవాడు మోసం చేశాడని చెబుదామనీ, అందులో సగం నిజమే కదా అనీ నర్సమ్మే తీర్మానించింది. అలా పుట్టింది మీరు భోజనాల దగ్గర వినే కథ.

దీపాలు పెట్టే వేళకు రంగు బాగా దిగింది గానీ, ఇంకా ఒక నీడలా మిగిలింది. పచ్చ నీడ. దానికి మందు నా బుర్రకే తట్టింది. ముహూర్తానికి తీసిన చీర ఎర్రది. దాన్ని పట్టుకుని బస్సెక్కి ధర్మవరం పోయి, కొన్న దుకాణంలోనే మార్చి, ఎర్రంచు ఆకుపచ్చ చీర తెచ్చాను. రవికె అప్పటికే ఎర్రది కుట్టించి ఉంది, సరిపోయింది. ఆ పచ్చ ఎవరు అద్దారో వేరే చెప్పాలా?

పొద్దున పీటల మీద గీతను చూసి జనం, చీర పచ్చదనం ముఖం మీద పడి పిల్ల ఎంత కళగా ఉందో అన్నారు. చేసినవాళ్ళెవరని అడిగి ఇద్దరు తల్లులు అక్క చిరునామా తీసుకున్నారు. జిరాక్సు మిషను హిందూపురంలో ఇంకెవరింట్లోనో దిగింది. అక్క పార్లర్ ఈ రోజుకూ నడుస్తోంది. రాళ్ళు ఉన్న అల్మారాకు తాళం ఉంది, తాళంచెవి ఎక్కడుందో నాకు తప్ప ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే నాకు ఇంత మెడనొప్పి ఉండేది కాదు.

నెల తిరగక ముందే పెళ్ళి క్యాసెట్టు వచ్చింది. పెనుకొండలో వీడియోలు తీసే శీనప్ప తెచ్చి, పెళ్ళికూతురి నాయన ముందు వేశాడు. పెళ్ళిపందిట్లో చీర కాపాడింది. టీవీలో ముఖం ఒక్కటే పెద్దదిగా కనిపించేచోట చీర ఎక్కడుంటుంది? తెరనిండా పచ్చటి గీత. ఆయనకు అసలు సంగతి తెలియదు. కెమెరా చెడిపోయిందంటూ శీనప్పను నలుగురిలో కడిగేశాడు. క్యాసెట్టు చూడటానికి మమ్మల్నీ పిలిచారు కాబట్టి అక్కా, నర్సమ్మా, నేనూ అక్కడే ఉన్నాం. ముగ్గురం టీవీ కింది గుడ్డ అంచును ఎంతో ఆసక్తిగా చూశాం.

పాపం శీనప్ప ఆ కెమెరాను మోసుకుని బెంగళూరు దాకా పోయి చూపించాడట. ఏ లోపమూ లేదన్నారట. ఊరు నమ్మలేదు. ఆ ఏడాది పెళ్ళిళ్ళకు కదిరి నుంచి వేరేవాణ్ణి పిలిపించుకున్నారు. కొన్నాళ్ళ తర్వాత రైల్లో నాకు ఎదురుగా కూర్చుని తన బాధ చెప్పుకున్నాడు.

"నువ్వు రంగుల పనోడివి కదప్పా, నువ్వన్నా చెప్పు. పక్కనే పెళ్ళికొడుకు బాగుండాడు. అయ్యవారు బాగుండాడు. ఆ పిల్లొక్కతే పచ్చగా వచ్చింది. ఒక్క మనిషిని ఏరుకోని చెడిపోయే కెమెరా యాడన్నా ఉంటాదా?"

నేను కిటికీలోంచి గుట్టలు చూశాను.

శీనప్పా, నీ కెమెరా మంచిది. ఆ పెళ్ళిలో అబద్ధం ఆడనిది అదొక్కటే.

ఇక నా ప్రమాణం. ఈ జన్మలో ఎవరి రాయి నా చేతికి వచ్చినా, దాని యజమాని చెప్పినంతే చేస్తాను, వెంట్రుకవాసి ఎక్కువ చేయను. తప్పితే నా ముఖానికి ఏ రంగైనా వేయండి, పెనుకొండ బజారులో నిలబెట్టండి, వీడియో తీయించండి. తీసేది మాత్రం శీనప్పే అయి ఉండాలి, అతనికి ఎన్ని క్యాసెట్లు కావాలంటే అన్ని తీసుకోనివ్వాలి.