గేటు పక్క కాటా

పాతకాలంలో మార్కెట్లో అందరూ నిజాయితీపరులేనని చెప్పేవాళ్లకు మతిమరుపు ఎక్కువ. మనుషులు ఎప్పుడూ ఇంతే. మోసానికి అడ్డుకట్ట వేసిందల్లా మార్కెట్ గేటు పక్కన ఇనుప దూలానికి వేలాడే కాటా. దాని కింద పీట మీద కాటా పిన్ని కూర్చుంటుంది. ఆమెకు ముందు వాళ్లత్త. ఏ కొట్లో కొన్నదైనా అక్కడ మళ్లీ తూయించుకోవచ్చు, ఊరికే. సాయంత్రం కొట్లవాళ్లే తలా కాస్త సరుకు పిన్ని సంచిలో వేస్తారు. తిట్టుకుంటూ వేస్తారు, అది వేరే సంగతి.

ఎలక్ట్రానిక్ కాటాలొచ్చినా పిన్నికి పని తగ్గలేదు. ఎర్ర అంకెలు వెలిగినంత మాత్రాన వ్యాపారి వేలికి బరువు పోతుందా!

ఇప్పుడు రేకుల షెడ్డు పోయి కొత్త భవనం లేచింది. అందులో ఎవరికెక్కడ చోటో రాసుకోవడానికి మార్కెట్ గుమాస్తా వచ్చాడు.

"ఏం అమ్ముతావమ్మా?"

"ఏమీ అమ్మను నాయనా. తూస్తాను."

"అమ్మేవాళ్లకే చోటు. రేపొస్తా, ఏదో ఒకటి చెప్పు."

ముప్పై ఏళ్ల పీట. పిన్ని మొహం వాడిపోయింది. ఆదుకున్నది ఎవరనుకున్నారు? ఆమెను అందరికన్నా ఎక్కువ తిట్టే ఉల్లిపాయల వ్యాపారి.

"నువ్వు పోతే ప్రతివాడూ కొసరు కొసరంటూ నన్ను పీక్కుతింటాడు. నువ్వు తూచాకే నోళ్లు మూతపడేది. రేపు నా సంచులు నీ ముందు పెడతా. ఉల్లిపాయలు అమ్ముతానని చెప్పు, ఇంకో మాట మాట్లాడకు."

మర్నాడు కిలో సంచులు పిన్ని ముందు బారులు తీరాయి. గుమాస్తా 'ఉల్లిపాయలు' అని రాసుకున్నాడు. గండం గడిచింది. పోతూ పోతూ ఆగి, "ఇంట్లో తెమ్మన్నారు, ఓ కిలో ఇవ్వమ్మా" అన్నాడు.

పిన్ని సంచి అందుకుంది. అందుకున్నదాన్ని పళ్లెంలో పెట్టకుండా ఇవ్వడం ఆ చేతులకు తెలియదు. కిలో రాయి వేసింది, ముల్లు ఆగేదాకా చూసింది, చిన్న రాళ్లు సర్దింది.

"డెబ్బై గ్రాములు తరుగు నాయనా. కొట్లో అడిగి పుచ్చుకో."

"మన కొట్టే పిన్నీ!" వ్యాపారి నెత్తి కొట్టుకున్నాడు. వరసంతా గొల్లుమంది. పిన్ని నాలుక కరుచుకుంది.

గుమాస్తా ముల్లు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. 'ఉల్లిపాయలు' కొట్టేసి 'కాటా' అని రాశాడు.

"గేటు పక్కనే. కదలకు" అని, సంచి వ్యాపారి ముందుకు చాపాడు.

వ్యాపారి ఓ ఉల్లిపాయ వేశాడు. పిన్ని ఇంకా చూస్తూనే ఉంది. రెండోదీ వేశాడు.