ఒకటో మెట్టుకీ రెండో మెట్టుకీ మధ్య

మొన్న ఇక్కడ, అరబ్బు దేశంలో, అల్ తుమామా అనే చోట ఒక ప్రహరీగోడ కొలతలకు వెళ్ళాను. మేస్త్రి రెండు మేకుల మధ్య నైలాను దారం కట్టి, బిగువు సరిపోయిందో లేదో చూడటానికి వేలితో ఒకసారి మీటాడు. దారం జుమ్మని మోగింది. ఆ మోత సన్నబడి పూర్తిగా ఆగేదాకా నేను చేతిలో టేపు పట్టుకుని నిలబడిపోయాను. "క్యా హువా సాబ్?" అన్నాడతను. ఏమీ లేదన్నాను. తర్వాత అలవాటు కొద్దీ అతని టేపు తీసుకుని దాని మొదటి కొన చూశాను. కొక్కెం వదులైపోయి అటూ ఇటూ ఊగుతోంది. ఇరవై రెండేళ్ళుగా నేను ఎవరి టేపయినా ముందు అక్కడే చూస్తాను. ఈ అలవాటు నాకు ఎవరి వల్ల అబ్బిందో, ఎంత నష్టానికి అబ్బిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు లింబాద్రి. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన షట్టరింగ్ వడ్రంగి, కాంక్రీటు పోతకు చెక్క అచ్చులు కట్టేవాడు. మెసయీద్‌లో కూలీల క్యాంపులో మా గదికి ఎనిమిది మంచాలు, ఆయనది కిటికీ పక్కది, నాది దాని పైది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, ఆయనకు నలభై రెండు. చమురు, గ్యాసు డబ్బుతో ఆ ఎడారి ఒడ్డు నెలనెలా మారిపోతున్న రోజులు. ఒక ట్యాంకు లేచి రంగు పడేలోపు పక్కన ఇంకో ట్యాంకుకు గుంత తవ్వేవాళ్ళం. నేను పదో తరగతి తప్పి వచ్చినవాణ్ణి. ఇనుప చువ్వలు మోస్తూ, ఏ దూలానికి ఎన్ని చువ్వలు పడతాయో అట్టముక్కల మీద నా అంతట నేనే లెక్కవేయడం నేర్చుకున్నాను. ఫోర్‌మన్ నా లెక్క రెండుసార్లు సరిచూసి, మూడోసారి నుంచి సరిచూడటం మానేశాడు. నాకు తలకెక్కింది అక్కడే. లింబాద్రి నన్ను "లెక్కల తమ్మీ" అని పిలిచేవాడు. అందులో మెప్పు ఎంతో, వెక్కిరింత ఎంతో నేనెప్పుడూ విడదీయలేకపోయాను.

ఊళ్ళో ఆయన చిరుతల భజనకు హార్మోనియం వాయించేవాడట. ఇక్కడికి వచ్చిన రెండో ఏడు రంపం మిషను ఆయన ఎడమచేతి నడిమి వేలునూ ఉంగరపు వేలునూ తీసుకుంది. గాయం మానింది, పనిలో కొనసాగించారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన వేళ్ళు పోయాయని అనేవాడు కాదు, "పెట్టె పోయింది" అనేవాడు. పెట్టె అంటే హార్మోనియం.

ఒకసారి తలుపు బాగుచేయమని ఆయన్ని ఇంజినీర్ల క్వార్టర్లకు పంపారు. ఆ ఇంట్లో అమెరికా ఆయన దేశానికి తిరిగిపోతూ సామాను సర్దుకుంటున్నాడు. పారేసే వాటిలో ఒక తంత్రీవాద్యం ఉంది. దాదాపు రెండు మూరల పొడవు, నడుము దగ్గర సన్నం, పలక మీద పేకముక్కల్లోని ఆఠీను గుర్తుల్లాంటి రంధ్రాలు, మూడు తీగలు. ఒక బిరడా విరిగి ఉంది. లింబాద్రి దాన్ని తిప్పి తిప్పి చూస్తుంటే, ఆ దొర కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఎలా వాయించాలో చూపించాడట. కుడిచేత్తో మూడు తీగలూ కలిపి మీటాలి. ఎడమచేత్తో చిన్న పుల్ల పట్టుకుని ఒక తీగను మాత్రం, వీణకున్నట్టు కింద అడ్డంగా దించిన మెట్ల మీద నొక్కుతూ జరపాలి. పాట ఆ ఒక్క తీగదే, మిగతా రెండూ ఊరికే శ్రుతిలా మోగుతుంటాయి. వాళ్ళ కొండల్లో ముసలివాళ్ళు పాత పాటలు వాయించుకునే వాద్యమట. డల్సిమర్ అంటారని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. లింబాద్రి చూసింది మాత్రం ఒక్కటే. పుల్ల పట్టుకోవడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలు.

సాయంత్రం దాన్ని గదిలోకి తేగానే బస్సు నడిపే ఖాజా భాయ్ అడిగాడు. ఆయనది కోరుట్ల.

"ఏం మియా, సారంగికి బుఖార్ వచ్చి సన్నబడ్డదా?"

"నీ బస్సు హారన్ కన్న మంచిగనే మోగుతది గని, కూసో."

"ముందైతె మోగనియ్యి. హారన్ తోటి పోటీ తర్వాత."

బిరడా ఆయనే చెక్కుకున్నాడు. పదిహేను రోజుల్లో పుల్ల దారికొచ్చింది. ఆ కొండల ముసలివాళ్ళు తమ వాద్యం మీద అవి విని ఉంటే ఏమనుకునేవాళ్ళో గాని, మా గదిలో ఉయ్యాల పాటలు మోగాయి, ఖాజా భాయ్ కోసం సినిమా పాటలు మోగాయి, పక్క గది ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ వాళ్ళ చర్చి పాట నాలుగుసార్లు పాడి వినిపిస్తే అయిదోసారి అదీ మోగింది. ఒక శుక్రవారం నీళ్ళ లారీ వెనక్కి వస్తూ చేసే కూతను ఉన్నదున్నట్టు వాయిస్తే, నిద్రలో ఉన్న నేపాలీ కుర్రాడు లేచి బకెట్టు పట్టుకుని బయటికి పరుగెత్తాడు. గదంతా నవ్వింది. లింబాద్రి మాత్రం నవ్వకుండా పుల్ల కొన తుడుచుకున్నాడు.

అన్ని పాటలూ దాని మీద పలికేవి కావు. కొన్ని మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాడు. ఎందుకని అడిగితే చెప్పాడు: "పెట్టెల తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఉంటయ్ గద తమ్మీ. ఇండ్ల అన్ని తెల్లయే. వాళ్ల గుట్టలోళ్లకు నల్లయి అక్కరకు రాలేదు గావచ్చు."

నాకది లెక్కలా కనిపించింది. దారం మడతపెట్టి చూశాను. ఏడో మెట్టు తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉంది, అక్కడ అదే స్వరం ఒక స్థాయి పైకి పలుకుతోంది. పెట్టెలో ఆ మధ్య పన్నెండు మెట్లుంటాయని ఆయన చెప్పాడు. అంటే తనతో తననే పన్నెండుసార్లు హెచ్చవేస్తే రెండు వచ్చే అంకె కావాలి. కాలిక్యులేటర్ మీద కిందా మీదా పడి మూడు రోజులకు పట్టుకున్నాను. ఒకటి పాయింట్ సున్నా అయిదు తొమ్మిదిన్నర. ఏ బడిలోనూ నాకెవరూ చెప్పని అంకె అది. ఇక ఏ నల్లమెట్టు ఎక్కడ ఉండాలో చెప్పగలనని గదిలో చాటుకున్నాను.

అదే నెలలో ఆయన కూతురు గంగామణి పెళ్ళి కుదిరింది. లీవు అడిగాడు. కాంక్రీటు పోత ముగిసేదాకా ఎవరికీ లేదన్నారు. పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులో ఉంది. రెండు రోజులు ఆయన వాద్యాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు నా మంచం పట్టె మీద చేయి వేసి అడిగాడు.

"తమ్మీ, ఒకటో మెట్టుకూ రెండో మెట్టుకూ నడుమ ఒక నల్లమెట్టు గావాలె. పెట్టగలవా?"

"ఎందుకన్నా?"

"అప్పగింతల పాట. మా ఊళ్ళె పెండ్లి ఏ ఇంట్ల అయినా నేనే పెట్టె మీద కొట్టేటోణ్ణి. బిడ్డ పెండ్లికి లేకుంటె ఎట్ల? ఫోన్ల కొడ్త. ఆ పాట నడుమ ఒక కాడ మెత్తగైతది. గా జాగ ఇండ్ల లేదు."

పెళ్ళి శుక్రవారం. ముందురోజు సాయంత్రం తీగ పొడవు కొలిచాను. సైట్లలో టేపు పడీ పడీ కొక్కెం వదులవుతుంది, మొదటి కొనను ఎవరూ నమ్మరు. పది సెంటీమీటర్ల గీతను అంచుకు పట్టి కొలిచి, తర్వాత పది తీసేస్తాం. నేనూ చేతి అలవాటున పది గీతే పట్టాను. అటు కొసన ఎనభై ఒకటి చూపింది. అట్ట మీద ఎనభై ఒకటి అని రాసుకున్నాను. లెక్క ప్రకారం మెట్టు తీగ పై కొన నుంచి పన్నెండు పాయింట్ తొమ్మిది సెంటీమీటర్ల దగ్గర వచ్చింది. ఒకటో మెట్టుకూ రెండో మెట్టుకూ మధ్యనే పడింది కాబట్టి కంటికి తప్పనిపించలేదు. ఉన్న మెట్లలో ఒక్కదానితో నా లెక్క సరిచూసి ఉంటే అప్పుడే దొరికిపోయేది.

"అగ్గిపుల్ల పెట్టి ఒకపారి మోగిచ్చి సూద్దామా?" అన్నాడాయన.

"అక్కర్లేదన్నా. నా లెక్క తప్పదు."

ఆయన నా ముఖంలోకి చూసి, సన్న రంపంతో గాడి కోశాడు. ఇత్తడి తీగ ముక్క దించి, జిగురు పెట్టి, తీగలు వదులు చేసి బరువు పెట్టాడు.

మరునాడు శుక్రవారం సెలవైనా పోత ఉందని పిలిచారు. పన్నెండింటికి వదలాల్సింది ఒంటిగంటన్నర దాటింది. ఖాజా భాయ్ బస్సును ఎంత వేగంగా తోలినా గదికి చేరేసరికి రెండు కావస్తోంది. లింబాద్రి చేతులకు సిమెంటు కడుక్కోకుండానే తీగలు బిగించి శ్రుతి కలుపుతుండగా ఫోను మోగింది. కూతురు.

"నాయినా, కారెక్కిస్తున్నరే."

"ఇను బిడ్డా," అని ఫోను నా చేతికిచ్చి, తీగల దగ్గర పట్టమన్నాడు.

పాట మొదలైంది. మొదటి చరణం నేను ఊహించిన దానికంటే నెమ్మదిగా నడిచింది. పుల్ల వెనక్కి జరిగి ఒకటో మెట్టుకూ రెండో మెట్టుకూ మధ్య నొక్కింది. పలికిన స్వరం అటూ కాదు, ఇటూ కాదు. గోడకు మేకు గీసినట్టుంది. ఆయన మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడికే వచ్చింది. పుల్ల తీసి పక్కన పెట్టాడు.

"నాయినా, పాట ఆగిందేందే?"

"గాలి దుమారం లేచింది బిడ్డా ఈడ. ఇసుక. ఏం ఇనస్తలేదు. నువ్వు మంచిగ పో."

కిటికీ బయట తాడు మీద ఆరేసిన బట్టలు కదలడం లేదు. ఆయన కుడిచేత్తో శ్రుతి తీగలు రెండింటినీ మీటుతూనే ఉన్నాడు, పాట లేకుండా. ఫోను పెట్టేసిన తర్వాత కూడా కొంతసేపు మీటాడు.

నేను అట్టముక్క తీసి చూసుకున్నాను. తప్పు ఒక్క చూపుకే కనిపించింది, పది తీసేయలేదు. చెప్పాను. తిట్టినా కొట్టినా బాగుండేదనిపించింది. ఆయన మంచం మీద పడుకుని పైకి చూస్తూ అన్నాడు: "లెక్క మంచిగనే జేసినవ్ తమ్మీ. సున్న ఏడున్నదో సూస్కోలే."

నేను అడిగాను. "గొంతుతోటి పాడొచ్చు గదన్నా?"

"నోరు తెరిస్తె పాటస్తదా? ఏడ్పస్తది. పెండ్లిపిల్లకు అది ఇనిపియ్యాల్నా? గందుకే గద ఈ కట్టె."

మరుసటి శుక్రవారం సరైన చోట, పదకొండు పాయింట్ మూడు దగ్గర, ఇంకో ఇత్తడి ముక్క దించాం. ఈసారి ముందు అగ్గిపుల్ల పెట్టి చూశాం. పాత దాన్ని పీకితే చెక్క పగులుతుందని, దాని తల ఆకురాయితో అరగదీసి వదిలేశాడు. ఆ సాయంత్రం పాట మొత్తం ఒక్కసారి వాయించాడు. మెత్తబడే చోట అది నిజంగానే మెత్తబడింది. వినడానికి నేనూ ఖాజా భాయ్ ఉన్నాం.

ఆయన మరో ఏడాదికి ఇంటికి వెళ్ళిపోయాడు, వాద్యాన్ని లుంగీలో చుట్టుకుని. నేను ఉమ్ ఘువైలినాలో వేరే కంపెనీలో కొలతల పనిలో చేరాను. ఆ తర్వాత రెండో వేసవిలో ఖాజా భాయ్ ఫోను చేసి, లింబాద్రి నిద్రలోనే పోయిండట అని చెప్పాడు. లీవులో ఆ ఊరు వెళ్ళాను. గంగామణి పుట్టింటికి వచ్చి ఉంది. వాద్యం గూట్లో ఉంది, తీగలు తుప్పుపట్టాయి.

"దీని మీద నీకు ఆ పాట వినిపించాడా చెల్లే?" అని అడిగాను.

"లేదన్నా. అడిగిన. అది పోయేటోళ్లకు కొట్టేది బిడ్డా, వచ్చినోళ్లకు గాదు అన్నడు. ఆ దినం గాలి దుమారం రాకుంటె ఇనేదాన్ని."

చెప్పాలని నోరు తెరిచాను. తండ్రి ఆమె కోసం లేపిన గాలిని ఆపే హక్కు నాకుందో లేదో తేల్చుకోలేక మంచినీళ్ళు అడిగాను. ఆమె లోపలికి వెళ్ళినప్పుడు వాద్యం మెట్ల మీద చేయి పెట్టి చూశాను. రెండు ఇత్తడి గీతలు, ఒకటి నిలబడి, ఒకటి అరిగి. మధ్య దూరం ఒక సెంటీమీటరు ఆరు మిల్లీమీటర్లు. నా చూపుడువేలు సరిగ్గా పట్టింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే వాళ్ళు ఏ కొలత తెచ్చినా, అంకె వినకముందే, సున్నా ఎక్కడ పట్టావని అడుగుతాను. చాదస్తం అనుకుంటారు. ఆ రోజు మెసయీద్‌లో గాలి లేదని మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.