అన్నకు మిగిలిన మాటలు

అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా అన్నకు యాభై నిండకుండానే పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. పొద్దంతా పాఠం చెప్పి, ఇంటికొచ్చాక కూడా మాట్లాడుతూనే ఉండే మనిషి. పంజాగుట్ట ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాక మంచినీళ్లు కావాలన్నా వదిన వైపు చూసి వేలు చూపించేవాడు.

మాట నేర్పే డాక్టరమ్మ, "చిన్నప్పుడు ఆయనకి ఏది ఇష్టమో అది ముందు పెట్టండి" అంది. నాకు ఒక్కటే తట్టింది. టీవీకి తగిలించి మేమిద్దరం ఆడిన క్యాసెట్ వీడియో గేమ్. అందులో ఒక పిల్లాడు, వాడి వెంట తెల్లటి ముద్దలాంటి జీవి. పిల్లాడు మిఠాయి బిళ్ల విసిరితే ముద్ద దాన్ని మింగి రూపం మార్చేది. ఒక బిళ్లకు నిచ్చెన, ఇంకోదానికి ఎత్తు నుంచి తేలుతూ దిగడానికి గొడుగు, మరోదానికి వంతెన. నాకు ఇంగ్లీషు రాదని అన్న పక్కన కూర్చుని అన్నీ తెలుగులో చెప్పేవాడు.

ఆ ఆట ఇప్పుడు ఫోన్‌లో దొరికింది. దాన్ని టీవీకి కలిపాను. అన్న ఎడమచేత్తో పిల్లాణ్ని నడిపిస్తే, బిళ్లలు నేను మార్చేదాన్ని. ఒకరోజు పిల్లాడు గుట్ట అంచుకు చేరాడు. ఏ బిళ్ల విసరాలో తెలియక నేను తడబడ్డాను.

"గొ... గొడుగు!" అన్నాడు అన్న.

వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నరు? మళ్లొక్కసారి అనుమను!"

తర్వాత నిచ్చెన వచ్చింది, వంతెన వచ్చింది. ఆటలో లేని మాట ఒక్కటీ రాలేదు. వదిన ఎదురుగా కూర్చుని, "నేనెవర్ని? జర చెప్పుండ్రి" అని అడిగేది. అన్న పెదవులు కదిపి కదిపి, "నిచ్చెన" అనేవాడు. తప్పని తనకే తెలిసి తల దించుకునేవాడు. "వస్తయిలే, ఫికర్ చెయ్యకుండ్రి" అంటూ వదిన లోపలికి వెళ్లిపోయేది.

ఒక సాయంత్రం అన్నను నడిపిస్తూ మెట్రో స్టేషన్ కిందికి వచ్చాను. ఎప్పుడో ఆయన దగ్గర చదువుకున్న అతను ఎదురయ్యాడు. విషయం తెలియదు పాపం.

"సార్! మస్తు దినాలైంది. ఇప్పుడు యాడ చెప్తున్నరు? మా చెల్లెను సుత మీ దగ్గరికే పంపిస్త."

అన్న నోరు తెరిచాడు. మెడ నరాలు తేలాయి. "వంతెన" అన్నాడు.

అతను అర్థంకాక నా వైపు చూశాడు. "సార్‌కు పానం బాగలేదు తమ్మీ" అన్నాను. అన్న నా చెయ్యి విడిపించుకుని, కాలు ఈడ్చుకుంటూ ముందుకు నడిచాడు.

ఇంటికొచ్చి నేను ఆట పెట్టబోతే నా మణికట్టు పట్టుకున్నాడు.

"రేపు ఆడుదమా అన్నా?"

తల అడ్డంగా ఊపాడు. మళ్లీ దాని జోలికి పోలేదు. డాక్టరమ్మ ఇచ్చిన బొమ్మల కార్డులనూ పక్కకు నెట్టేశాడు.

ఏడాది దాటింది. ఇప్పుడు ఆ మూడు మాటలు కూడా అనడు. వదిన అన్నం కలిపి పెడుతూ, పక్కింటివాళ్ల సంగతులూ కూరగాయల సంగతులూ ఒక్కతే చెప్పుకుపోతుంటుంది. ఆయన గోడవైపు చూస్తూ తింటాడు.