పన్నెండు కండెలు

లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిన ఒక ఉదయం, మా మగ్గం కింద ఖాళీ నూలుకండె ఒకటి నేలమీద దొర్లింది. నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది.

అప్పుడు మోకాళ్లు వాచాయి. పొద్దున లేచాక కాళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయని డాక్టర్ హిందీలో అడిగాడు. ఎక్కువ చెబితే ఆస్పత్రిలోనే ఉంచేస్తారని భయపడి, "ఐదు నిమిషాలు" అన్నాను. ఎదిగే వయసు నొప్పులేనంటూ ఆయన చీటీ అందుకున్నాడు.

"గదేంది బిడ్డా, ఝూట్ చెప్తవ్? మీ నాయిన మగ్గం మీద పన్నెండు కండెలు ఒడిసేదాంక లేస్తవా నువ్వు?" అని అమ్మ కసిరి, అదే డాక్టర్‌కూ హిందీలో చెప్పింది.

ఒక్కో కండె ఎంతసేపు నడుస్తుందని ఆయన అడిగాడు. లెక్క అడిగితే నేను ఊరుకోలేను.

"ఐదు నిమిషాలు. మొత్తం గంట!" అన్నాను గర్వంగా.

ఆయన కలం ఆగింది. గంటసేపు బిగుసుకుంటే అవి ఎదిగే వయసు నొప్పులు కావన్నాడు. పరీక్షల్లో కీళ్లవాతమని తేలింది. మూడేళ్లు మందులు వాడాను.

ఇవాళ ఆ కండె తీయడానికి కూర్చున్నాను. రెండు మోకాళ్లూ పూర్తిగా వంగాయి.