తాగే నీళ్ళు పారబోసి ఈతకు దిగినవాళ్ళు

మొన్న మా మనవడు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టి, సెలవుల్లో స్నేహితులతో ఏదో సరస్సుకు వెళ్తున్నామని, అక్కడ నీళ్ళ మీద పరుగెత్తే మోటారు సైకిళ్ళుంటాయని, పడవ వెనక తాడు పట్టుకుని చెక్క మీద నిలబడి జారవచ్చునని ఒకటే గొప్పలు చెప్పాడు. మేడ మీదికి మంచినీళ్ళ బిందె మోయమంటే నడుము పట్టేసే పిల్లవాడు, డబ్బిచ్చి మరీ నీళ్ళలో పడి లేస్తాడట! నీళ్ళ మీద షికారు అంటే నాకు సౌదీలో చూసిన ఒక సరస్సూ, అందులో దిగిన మగధీరులూ కళ్ళముందు మెదులుతారు. నా ఈడువాళ్ళలో ఆ దేశంలో కాపురం చేసినవాళ్ళెవరైనా ఉంటే అటువంటి వీరులను వాళ్ళూ చూసే ఉంటారు.

నేను అయిదో తరగతితో బడి మానినదాన్ని. మా ఆయన ఖోబర్‌లో మెకానిక్కు. అక్కడే అజీజియా పేటలో రెండు గదుల ఇంట్లో మేమూ, మా మరిదీ తోటికోడలూ కలిసి ఉండేవాళ్ళం. మరిది చదువుకున్నవాడు, ఆఫీసు ఉద్యోగి, మెడకు టై బిగించుకుంటే చాలు లోకమంతా తెలిసిపోయినట్టే మాట్లాడేవాడు. సముద్రపు నీటికే ఉప్పు తీసి కుళాయిలకు వదిలే ఊరది. యుద్ధం రోజుల్లో సముద్రంలో చమురు కలిసింది, ఇక కుళాయిలు ఆగిపోతాయని పుకారు పుడితే నేను పెద్ద పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు తెప్పించి స్నానాలగది నిండా నీళ్ళు పట్టి పెట్టాను. యుద్ధం ముగిసినా వాటిని పారేయనివ్వలేదు. "యుద్ధం పోయింది గానీ నీ డబ్బాలు పోలేదు కదా వదినా" అని వేళాకోళమాడేవాడు మరిది.

ఆ మరుసటి ఎండాకాలం, దేశం విడిచిపోతున్న దొర ఒకడు తన పాత రబ్బరు పడవ మరిదికి ఇచ్చిపోయాడు. అంతే, నేల మీద నిలవలేదు మా మరిది. హుఫూఫ్ పట్నం దాటాక ఇసుకదిబ్బల మధ్య అస్ఫర్ అనే సరస్సుందని, దొరలంతా అక్కడ పడవలు వేస్తారని చెప్పి ఒక శుక్రవారం ప్రయాణం కట్టాడు. తోటికోడలికి అప్పుడు ఏడో నెల. ఈ ఎండలో ఆమెనెందుకు తీసుకెళ్ళడమని నేనంటే, పాపం ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుని "గోడలు చూసి చూసి విసుగొచ్చిందక్కా, నన్నూ రానీ" అంది. సరే, దాని కోసం నేనూ బయలుదేరి, డబ్బాల్లో తాగే నీళ్ళు నింపి వ్యానులో ఎక్కించాను. ఆఫీసు మిత్రులిద్దరు తోడయ్యారు.

సరస్సు అందంగా లేదని అనను. తెల్లటి ఇసుక నడుమ నీలంగా, అంచుల్లో రెల్లు గుబుర్లతో, కొంగల గుంపులతో కన్నులపండువుగానే ఉంది. ఒడ్డున నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటే, అది మెత్తగా కనబడుతోందని మా ఆయన బండి ఆపబోయాడు. పడవ మోయడానికి ఒళ్ళు వంగని మరిది "ఏం కాదులే అన్నా, పోనీ" అన్నాడు. రోజంతా బండ్ల కింద దూరే మనిషి, తమ్ముడి చదువు ముందు నోరు మూసుకుని పోనిచ్చాడు. ఉప్పు పెచ్చు ఫటుక్కున విరిగి చక్రాలు సగానికి దిగబడ్డాయి. ముందు షికారు చేద్దాం, బండి సంగతి తరువాత చూద్దామన్నారు ప్రబుద్ధులు.

మరిది పడవెక్కి తెడ్డు వేస్తే అది ముందుకు పోకుండా ఉన్నచోటే గానుగెద్దులా తిరిగింది. మిత్రులిద్దరికీ ఈత రాదు. మా సీమలో బావుల్లో ఈత నేర్చుకునే పిల్లలకు వీపున ఎండిన సొరకాయ బుర్రలో, ఖాళీ డబ్బాలో కడతారు. ఆ సంగతి వాళ్ళకు సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. నేను వ్యాను నీడలో తోటికోడలికి పెరుగన్నం పెడుతుంటే, వీళ్ళు అటువైపు నుంచి డబ్బాలు దించి, నీళ్ళు ఇసుకలో పారబోసి, వీపులకు కట్టుకుని దిగారు. డబ్బాలు తేలుతున్నాయి, తలలు మునుగుతున్నాయి, మధ్యమధ్య కేరింతలు.

ఆ పిల్ల దాహమంది. చూస్తే ఒక్క డబ్బా లేదు.

"నీళ్ళేవిరా?" అని కేకేశాను.

"ఇంత చెరువు ముందర పెట్టుకొని నీళ్ళేవంటావేంది వదినా!" అని పడవలోంచి నవ్వాడు మరిది.

"అయితే ఒక గుక్క తాగి చూపించు నాయనా" అన్నాను.

దోసిట పట్టి తాగి, తూ అని ఉమ్మేశాడు. ఖర్జూరపు తోటల్లో పారగా మిగిలిన నీరంతా చేరి ఎండకు ఉప్పయిన సరస్సు అది. అప్పుడు గాని వాడి నవ్వు ఆగలేదు.

తోటికోడలు పెదవులు ఎండిపోయి, కడుపు బిగుసుకుంటోందని నా ఒళ్ళో వాలిపోయింది. మగాళ్ళు నలుగురూ చేతులతో, అన్నం పళ్ళేలతో ఇసుక తవ్వే కొద్దీ బండి ఇంకా దిగబడింది. ఇంగ్లీషులో అందరికీ బుద్ధులు చెప్పే మా మరిది భార్య పాదాలు పట్టుకుని, "వదినా, ఏమన్నా చెయ్యి వదినా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను తడిగుడ్డ ఆమె తల మీద కప్పి, పక్కదుప్పటి పట్టుకుని దిబ్బెక్కి ఊపుతూ నిలబడ్డాను.

చాలాసేపటికి గొర్రెలతో నిండిన పాత పికప్పు ఒకటి వచ్చింది. మగవాడనుకుని ముసుగు సర్దుకున్నాను. దిగింది బుర్ఖా ముసలమ్మ, ఎడారి మనిషి. పట్నంలో ఆడది స్టీరింగు పడితే పోలీసులు పట్టుకునే రోజులవి. ఆమె దిగబడిన వ్యానును చూసింది, పడవను చూసింది, వీపున డబ్బాలతో నిలబడ్డ మగాళ్ళను చూసి "మజానీన్!" అంది. పిచ్చివాళ్ళు అన్న ఆ అరబ్బీ మాటకు మాలో ఎవరికీ అర్థం చెప్పాల్సిన పని లేకపోయింది.

తోలుతిత్తిలో నీళ్ళు తెచ్చి, గటగటా తాగనివ్వకుండా చుక్క చుక్కగా పోసి, కడుపు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది. బిగువు సడలిందని నాకు తల ఊపి చెప్పాకే లేచి, వ్యానుకు తాడు కట్టి లాగింది. మా వీరులు డబ్బాలైనా విప్పకుండా వెనకనుంచి తోశారు. మమ్మల్నిద్దరినీ తన పక్కన ఎక్కించుకుని, దారిలో దిబ్బ వెనకనున్న తన గుడారం వేలితో చూపించి, తారురోడ్డు దాకా దిగబెట్టి, దండం పెట్టబోతే చెయ్యి విదిలించి వెళ్ళిపోయింది.

నెలలు నిండాకే కాన్పయింది, ఆడపిల్ల. చలికాలం రాగానే మా ఆయన్ను వెంటబెట్టుకుని, మురుకులూ ఒక నూలుచీరా మూట కట్టుకుని ఆమె కోసం వెళ్ళాను. గుడారం వేసిన చోట బూడిద, గొర్రెల పెంటికలు, ఇసుకలో సగం పూడిన టైరు జాడలు తప్ప ఏమీ లేవు. మూట తిరిగి ఇంటికొచ్చింది.

ఇప్పుడు ఖోబర్ వీధుల్లో ఆడవాళ్ళు దర్జాగా కార్లు నడుపుతున్నారని, ఎవరూ ఆపడం లేదని చెబుతారు. టీవీలో చూపించినప్పుడల్లా చేతిలో పని ఆపి చూస్తాను. ఆమె ఇంకా బతికి ఉంటుందన్న ఆశేమీ లేదు. ఉన్నా నేను పోల్చుకోలేను, నేను చూసింది కళ్ళు మాత్రమే.