ట్యాంకర్ తిరిగే జాగా

పోయిన నెల మా అమ్మాయి నన్ను జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన ఒక కాఫీ హోటల్‌కి తీసుకెళ్లింది. కాఫీ హోటల్ అంటే దానికి చిరాకు, కఫే అనాలట. లోపల అన్నీ అద్దాలు, కుండీల్లో మొక్కలు, మధ్యలో పైకప్పుని తాకుతూ ఒక పెద్ద బండరాయి. దాని మొదట్లో లైట్లు పెట్టి పసుపు వెలుగు పైకి కొడుతున్నారు. మెనూ కార్డు తెచ్చినావిడ నేను దాన్నే చూడటం గమనించి, "ఒరిజినల్ రాక్ మేడమ్, మేం పెట్టింది కాదు" అంది గర్వంగా. నేను తలూపాను. ఆ బండకి అటుపక్క నడుం ఎత్తున నున్నటి పల్లం ఒకటుంటుంది. చిన్నప్పుడు అందులో జారి నేను గౌన్లు చింపుకున్నాను, మా అమ్మ చేత దెబ్బలు తిన్నాను. లేచి వెళ్లి చూస్తే పల్లం అలాగే ఉంది. అందులో ఎవరో చిన్న బుద్ధుడి బొమ్మని కూర్చోబెట్టారు.

మా నాన్న సినిమా సెట్లు కట్టే వడ్రంగి. మద్రాసులో పని నేర్చుకుని, సినిమాలు ఇటు తరలి వచ్చేస్తుంటే వాటి వెంటే పెట్టెలు సర్దుకుని వచ్చాడు. మొదట కృష్ణానగర్‌లో ఒక గది. గోడకి అవతల డాన్సులు చేసేవాళ్లు, ఇవతల మేము. వాళ్లు ప్రాక్టీసు చేస్తే మా అటకమీద గిన్నెలు కూడా స్టెప్పులేసేవి. తమ్ముడు పుట్టాక ఇంటాయన చంటిపిల్లాడి ఏడుపు పడదన్నాడు. పక్కింటి గజ్జెలు మాత్రం ఆయనకి పడేవి. నాన్నతో పనిచేసే ఒకాయన ఫిల్మ్‌నగర్ కింది వాలులో ఖాళీ స్థలం ఉందనీ, అక్కడ ఒకావిడని అడగాలనీ చెప్పాడు. ప్రభుత్వాన్నా అని అడిగింది అమ్మ. "కాదు, ఆవిడనే" అన్నాడాయన.

ఆవిడే పెద్దమ్మ, బస్తీలో అందరూ అలాగే పిలిచేవారు. పాలమూరు నుంచి భర్తతో కలిసి బంగళాల కోసం ఈ కొండల్ని కొట్టడానికి వచ్చిన మనిషి. రాళ్లు పేల్చే పనిలో భర్త పోయాడు. ఆమె మాత్రం కూతుర్ని పెట్టుకుని ఆ బండ పక్కనే రేకులు వేసుకుని ఉండిపోయింది. ఆ వాలు మీద మొదటి పొయ్యి ఆమెదే. మేం వెళ్లేసరికి చుట్టూ ఓ పాతిక ఇళ్లు ఉన్నాయి. కొంగు నడుముకి చెక్కుకుని ముందు నడిచింది, చేతిలో ఉన్న పుల్లతో నేలమీద గీత గీసింది. "గీడికెళ్లి గాడిదాక నీది తమ్మీ. వెనకకు ఎంతన్న పో, గుట్టను తొలుచుకో, నేనేమనను. ముందలికి మాత్రం జానెడు గూడ రావద్దు." నాన్న కొలిచే మనిషి కదా, బండ ముందు అంత నేల ఖాళీగా ఎందుకొదిలారని అడిగాడు. ఆమె అతన్ని వింతగా చూసింది. "నీళ్ల ట్యాంకర్ తిరగొద్దా? పెండ్లయితే పందిరేడ ఏస్తవు? ఎవలన్న పోతే ఏడ పండవెడ్తవు, నెత్తిమీదనా?"

అలా మా బస్తీలో ముందు ఖాళీ పుట్టింది, దాని చుట్టూ ఇళ్లు మొలిచాయి. గుమ్మాలన్నీ లోపలికే చూసేవి. కర్నూలు నుంచి వచ్చిన లైట్‌మన్ కుటుంబం, మెదక్ వాళ్లు, మాలాంటి కోస్తా వాళ్లు, ఎవరొచ్చినా పెద్దమ్మ పుల్ల పట్టుకునేది. మా అమ్మకి మొదట్లో ఇదంతా నామోషీగా ఉండేది. తెనాలిలో మేడమీద పుట్టిన దాన్ని కొండమీద కాపురం పెట్టానని ఉత్తరాల్లో రాసుకునేది. నాన్న సంగతి ఇంకా విచిత్రం. స్టూడియోలో ప్లైవుడ్‌తో చక్కటి బావులు కట్టి, గిలకలు బిగించి, సాయంత్రం ఇంటికొచ్చి బిందె పట్టుకుని లైన్లో నిలబడేవాడు. ట్యాంకర్ వచ్చిందంటే పెద్దమ్మ గొంతు కొండంతా వినిపించేది. బాలింత ఉన్న ఇంటికి ముందు రెండు బిందెలు, తర్వాతే ఎవరైనా. ఆ పద్ధతి ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు కూడా.

ఎన్నికలొచ్చినప్పుడల్లా బస్తీ లేపేస్తారని ఒక పుకారు లేచేది. అది విని మా అమ్మ గిన్నెలన్నీ గోనెసంచిలో కట్టేది, మళ్లీ విప్పేది. నేను పదో తరగతి చదువుతుండగా ఒక నాయకుడు వచ్చాడు. పైన బంగళాల వాళ్లకి మెయిన్ రోడ్డుకి దగ్గరి దారి కావాలి. ఆ దారి మా ఖాళీ జాగాలోంచి పోవాలి. జాగా ఇచ్చేస్తే ఇంటింటికీ పట్టా ఇప్పిస్తానన్నాడు. ఆ సాయంత్రం అదే జాగాలో అందరూ కూర్చున్నారు. పెద్దమ్మ ఒక్కతే ఒద్దంది. "పట్టా ఇయ్యవలెనంటే ఉట్టిగియ్యమను. గీ జాగ ఇస్తే రేపు నీళ్లేడికెళ్లొస్తయి? పోరగాండ్లు ఏడ ఆడతరు?" ఎవరో గొణిగారు. అంతలో మెదక్ నుంచి వచ్చినాయన, రోడ్డున పడ్డ రోజు పెద్దమ్మ తన ఇంట్లో అన్నం పెట్టి స్థలం చూపించినాయన, లేచి నిలబడ్డాడు. "నువ్వెవలు చెప్పెతందుకు? గీ గుట్ట నీ అయ్య జాగీరా?"

నేను నాన్న వైపు చూశాను. ఆమె తరఫున ఏదో ఒకటి అంటాడనుకున్నాను. అతను ఒడిలో నిద్రపోతున్న తమ్ముడి జుట్టు సవరిస్తూ, "కాగితం లేకపోతే మన బతుక్కి పూచీ ఏముందక్కా" అన్నాడు. జాగా ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమంటే ఎత్తాడు. అందరూ ఎత్తారు. పెద్దమ్మ లేచి వెనక దులుపుకుని లోపలికెళ్లింది.

రోడ్డుకి గుర్తులు పెట్టిన రోజున తెలిసింది, బండని ఆనుకుని ఉన్న ఆమె ఇల్లు సగం రోడ్డులోకి పోతుందని. ఇటువైపు ఇళ్లవాళ్లు తలా కాస్త జరిగితే ఆమెకి చోటు దొరికేది. జరుగుతామని ఒక్కరూ అనలేదు, ఆమె అడగనూ లేదు. బోరబండలో కూతురు దగ్గరికి పోతానని రేకులు తనే ఊడదీసి ఆటో ట్రాలీలో వేయించింది. మా అమ్మ, కర్నూలావిడ కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, "ఏడ్సుడు బంజేయుండ్రి. ట్యాంకరొచ్చింది, పోయి నీళ్లు వట్టుకోండ్రి" అని కసిరింది. వాళ్లు కళ్లు తుడుచుకుని నిజంగానే బిందెలు తెచ్చుకోవడానికి పోయారు. ట్రాలీ కదిలినప్పుడు దాని దగ్గర నేనూ తమ్ముడూ తప్ప ఎవరూ లేరు.

పట్టాలు వచ్చాయి, ఆ మాట నిలబెట్టుకున్నారు. నాన్న దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టాడు. ట్యాంకర్ మాత్రం ఆగడం మానేసింది. ఆగితే వెనక కార్లు హారన్లు కొట్టేవి, అద్దాలు దించి ఇంగ్లీషులో తిట్టేవి. ఆడవాళ్లు కింద మలుపు దాకా వెళ్లి మోసుకొచ్చేవారు. ఇళ్లలోంచి అడుగు బయటపెడితే రోడ్డే కాబట్టి గుమ్మాలు మూసి ఉంచడం అలవాటైంది. ఎదురింటివాళ్లు ఎదురుగానే ఉండి దూరమయ్యారు. ఇక కాగితం ఉన్న ఇల్లు కాబట్టి కొనేవాళ్లు వచ్చారు. మొదట అమ్మింది మెదక్ ఆయన. ఆ తర్వాత ఒక్కొక్కరూ. మాదీ పోయింది. ఏ కాగితం ఉంటే మమ్మల్ని ఎవరూ కదపలేరనుకున్నామో, సరిగ్గా ఆ కాగితమే మమ్మల్ని కదిపింది. పోలీసులు రాలేదు, బుల్డోజర్ రాలేదు. మేమే తాళాలు కొన్నవాళ్ల చేతిలో పెట్టి వచ్చాం.

ఇల్లు అమ్మాక నాన్న ఒకసారి నన్ను వెంటబెట్టుకుని బోరబండ వెళ్లాడు. ఏం చెప్పాలనుకున్నాడో దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. పెద్దమ్మ మంచంమీద చోటిచ్చింది, చాయ్ పోసింది. కర్నూలావిడ మోకాళ్ల గురించి, మా అమ్మ ఆయాసం గురించి అడిగింది. జరిగిన దాని ఊసే లేదు. చివర్న మాత్రం, "ట్యాంకర్ ఇప్పుడేడ ఆగుతది తమ్మీ?" అంది. దెప్పడానికి అడిగినట్టు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాన్న చాయ్ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. అనుకున్న మాట ఒక్కటీ చెప్పకుండానే లేచాడు.

మళ్లీ మేం వెళ్లింది నా పెళ్లి పిలుపుకి. కూతురు తలుపు తీసి, "అమ్మ పోయి చానా దినాలాయె మామా. నీకెవలు చెప్పలేదా?" అంది. ఎవరు చెబుతారు? బస్తీలో ఒకరింట పిల్లి ఈనినా పొద్దుగూకేలోపు అందరికీ తెలిసేది. ఇప్పుడు ఎవరు ఏ కాలనీలో ఉన్నారో ఎవరికీ తెలియదు. నాన్న పసుపు రాసిన శుభలేఖని మళ్లీ సంచిలో పెట్టబోయి, తీసి ఆమె చేతికిచ్చాడు. ఆ నిమిషం దాకా మాకు ఆమె బతికే ఉంది. ఒకచోట ఉన్నన్నాళ్లూ మా అందరికీ ఒకే కాలం నడిచింది, చెదిరిపోయాక ఎవరి కాలం వాళ్లదైపోయింది.