పిన్ని అడిగే ఒకే ఒక్క ప్రశ్న

మా పిన్నికి కొత్తవాళ్ళు కనబడితే పేరక్కర్లేదు, ఊరక్కర్లేదు. వాళ్ళది వేరే భాష అని తెలిస్తే చాలు. "ఊపిరి బిగబట్టండి, కదలకండి. దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగేస్తుంది. బస్సులో, బట్టల కొట్లో, ఆఖరికి లిఫ్టులో కూడా. ఇరవై ఏళ్ళు ఆ ప్రశ్న వినలేక తలపట్టుకున్న నేను, ఈ కొత్త ఊరికొచ్చాక దానికోసమే మొహం వాచిపోయాను. ఇక్కడ మన భాష ఎవరికీ రాదు, వీళ్ళ భాష నాకు రాదు. మూడు నెలలుగా నా నోరు తిండికీ ఆవలింతకీ తప్ప తెరుచుకుంటే ఒట్టు.

పిన్ని ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మాది ఓడరేవున్న ఊరు. ఎక్కడెక్కడివాళ్ళో పనులకొస్తారు, దగ్గు పట్టుకుని పిన్ని గదికొస్తారు. ఛాతీ ప్లేటుకి ఆనించి ఊపిరి బిగబట్టకపోతే బొమ్మ మసకగా వస్తుంది. కాబట్టి ఆ ముక్క నేర్చుకోవడం ఉద్యోగధర్మమే అనుకుందాం. కానీ మా అక్క తను చేసుకోబోయే అబ్బాయిని మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు కూడానా? అతనిది వేరే భాష. పిన్ని కాఫీ చేతికిచ్చి అదే అడిగింది, అక్క సిగ్గుపడుతూ తర్జుమా చేసింది. పాపం, ఇదేదో ఈ ఇంటి పరీక్ష కాబోలనుకుని అతను నిజంగానే ఊపిరి బిగబట్టి మొహం ఎర్రగా చేసుకున్నాడు.

"వదిలెయ్ బాబూ, వదిలెయ్!" అని అమ్మ కేకలు.

"అది సరే, అనడం ఎలా?" అని కాగితం పట్టుకుని పిన్ని.

చిన్నప్పుడు పిన్ని భాషలే చదువుతానందిట. "భాషలు కూడు పెడతాయిటే?" అని తాతయ్య ఎక్స్‌రే కోర్సులో చేర్పించాడు. పిన్ని రెండ్రోజులు ఏడ్చి, చేరి, మొదటి ర్యాంకు తెచ్చుకుంది. కోరిక మాత్రం చావలేదు. సెలవునాడు పాత పుస్తకాల కొట్టు నుంచి తనకి చదవడం రాని లిపుల్లోని పుస్తకాలు తెచ్చి, ఊరికే పేజీలు నిమురుతూ కూర్చునేది. అప్పుడు నవ్వేవాణ్ణి.

అదే ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేవాణ్ణి నేను. ఓసారి నలభై భాషలు మాట్లాడే పెట్టె ఒకటి వచ్చింది. నా చేతులతో నేనే పిన్ని గదిలో బిగించాను.

"ఇక నీ ప్రశ్నకి సెలవు పిన్నీ. మీట నొక్కితే అదే చెబుతుంది."

"దానికి వినడం వచ్చా?"

"వినడమెందుకు?"

మర్నాటికి ఆ పెట్టె మీద ఆవిడ టిఫిన్ డబ్బా కూర్చుంది.

నాకు ఒళ్ళు మండి ఆవిడ కాగితాల కట్ట బయటికి లాగాను. అన్నీ పాత ఎక్స్‌రే కవర్లు, వెనకవైపు ఆ వాక్యం. తిప్పుతూపోతే ఒకే భాష, అదే వాక్యం, పద్నాలుగు మందిని అడిగి పద్నాలుగుసార్లు రాసుకుంది!

"పిన్నీ, ఇది నీకు నోటికొచ్చుగా?"

"నిద్రలో లేపినా చెబుతా."

"మరి నిన్న అదే భాషవాడు, దగ్గుతో వచ్చిన ఆ ఓడరేవు వెల్డర్ని మళ్ళీ ఎందుకడిగావు? పైగా మూడుసార్లు తప్పు పలికావు. అతను పడీపడీ నవ్వుతూ అరగంట నేర్పాడు. బయట పదిమంది లైన్లో ఉన్నారు!"

"వయసు మీద పడుతోందిరా, గుర్తుండి చావదు" అని సీసపు ఏప్రాన్ తగిలించుకుని వెళ్ళిపోయింది. ఈవిడకి పిచ్చి ముదిరిందని ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను.

తర్వాత నాకు ఈ ఊళ్ళో ఉద్యోగమొచ్చింది. ఇంటికి ఫోన్ చేస్తే "బాగున్నా, తిన్నా, ఉంటా" అని మూడే ముక్కలు. ఇంకోటి అంటే అమ్మ బెంగపడుతుంది. నిన్న సాయంత్రం పిన్నే చేసింది.

"ఒరే, ఊపిరి బిగబట్టండి అన్నదాన్ని మన భాషలో ఏమంటారురా?"

"ఇప్పుడు నువ్వన్నదే!"

"ఇంకోలా కూడా అంటారేమో చెప్పరా."

"ఉగ్గబట్టుకోమంటారు, దమ్ము పట్టమంటారు... నీకు తెలీకపోవడమేంటి?"

"దమ్ము పట్టడమా! బాగుందే. అక్కడ ఎవరితోనైనా అన్నావా ఆ మాట?"

"ఎవరితో అంటాను పిన్నీ? ఇక్కడ నాకెవరున్నారు?"

అంతే, ఇక ఆగలేదు. నా సైగ అర్థంకాక మంగలి గుండు కొట్టబోవడం, బస్సు ఆపమనలేక ఆఖరి స్టాపు దాకా పోవడం, అద్దం ముందు నిలబడి నాతో నేనే కబుర్లాడుకోవడం, అన్నీ చెప్పేశాను. మధ్యలో పనిమాలా మన తిట్లు కూడా తిట్టాను, నోటికెంత హాయిగా ఉందో! ఇంటి మీద బెంగగా ఉందని కూడా అనేశాను. పిన్ని "ఊఁ... ఊఁ..." తప్ప ఒక్క ముక్క అడ్డురాలేదు. గంట దాటింది, ఫోన్ వేడెక్కి చెవి కాలింది.

అప్పుడు గుర్తొచ్చాడు ఆ వెల్డరు. అతను నోరు విప్పి ఎన్ని నెలలైందో ఏమో. నేనేమో లైన్లో పదిమంది ఉన్నారని లెక్క చెప్పాను. సిగ్గేసింది.

"పిన్నీ, నీకు మొదట్నించీ అన్నీ తెలుసు కదూ?"

"ఏం తెలుసురా, నువ్వు చెప్పిందాంట్లో సగం నాకు పట్టుబడనే లేదు. రేపు తీరిగ్గా మళ్ళీ మొదట్నించీ చెబుదువుగాని."